కలంపేరు – ఆకాశరామన్న

ఉగాదినాడు పూజకు కూర్చుండి సంకల్పము చెప్పుకొనునప్పుడు మనలో చాలమంది గోత్రమును, పేరును పైకి చెప్పుకొంటాము. దేవుని ముందు పేరు దాచుకొనుట మన ఆచారములో లేదు. కాని అదే మనిషి కలము పట్టి నలుగురి ముందుకు వచ్చినప్పుడు అసలు పేరు దాచుకొంటే మనము తప్పు పట్టలేదు. పైగా దానికి 'కలంపేరు' అని గౌరవముగా నామకరణము చేశాము. అయితే సంతకము లేని ఉత్తరము ఒకటి ఎవరి యింటికో, ఏ కచేరీకో చేరినప్పుడు దానిని 'ఆకాశరామన్న ఉత్తరము' అని ఈసడించుకొన్నాము. రెండింటిలోను వ్రాసినవాని అసలు పేరు లేదు. మరి ఒకటి మన్ననకు, రెండవది తిరస్కారమునకు ఎందుకు పాత్రమైనవి? ఈ ప్రశ్నకు సమాధానము మనము కాపురముంటున్న ఈ చెన్నపట్నపు చరిత్రలోనే ఉన్నది.

ప్రశ్న పాతదే గాని అవసరము మాత్రము నేటిది. మన యిండ్లలోని యువతీయువకులు చేతిలోని ఫోనుమీద మారుపేర్లతో వ్రాస్తున్నారు. ఆఫీసులో జరిగిన అన్యాయమును గురించి, అత్తవారింటి సంగతులను గురించి, రాజకీయములను గురించి వ్రాస్తున్నారు. 'పేరు చెప్పుకొనలేనివానికి మాట యెందుకు?' అని పెద్దలు అంటున్నారు. 'పేరు చెబితే ఉద్యోగము పోవును, కుదిరిన సంబంధము తప్పిపోవును' అని పిల్లలు అంటున్నారు. పరాయిభాషల నడుమ చిన్న సమాజముగా బ్రతుకుతున్న మనవంటివారిలో ఈ భయము నిరాధారము కాదు. త్యాగరాయనగరులో అన్న మాట సాయంత్రమునకు పెరంబూరు చేరుతుంది. కాబట్టి ఇరుపక్షముల మాటలోను ఎంత నిజమున్నదో తేల్చుకొనవలసి ఉన్నది.

మొదట చట్టము సంగతి చూతము. 1867లో ఇంగ్లీషు ప్రభుత్వము ముద్రణాలయములకు, గ్రంథములకు సంబంధించిన 25వ చట్టమును చేసినది. ముద్రణాలయము పెట్టినవాడు మేజిస్ట్రేటు ఎదుట వాఙ్మూలము ఇవ్వవలెను. ప్రతి పుస్తకముమీద, ప్రతి పత్రికమీద అచ్చు వేసినవాని పేరు, ఊరు, ప్రకటించినవాని పేరు, ఊరు స్పష్టముగా ఉండవలెను. 1922లో జరిగిన సవరణతో పత్రికలమీద సంపాదకుని పేరుకూడ ఉండవలెనని వచ్చినది. ఈ కట్టుబాట్లలో ఒక విశేషమున్నది. వ్యాసము వ్రాసినవాని పేరు అచ్చు వేసి తీరవలెనని ఆ చట్టము అనలేదు. వ్రాసినవాడు తెరవెనుక ఉండవచ్చును, కాని తెరముందు ఒకడు నిలిచి 'నేను జవాబుదారుని' అని చెప్పవలెను. ప్రభుత్వము ఈ నియమమును తన సౌకర్యముకొరకే పెట్టుకొన్నది, సందేహము లేదు. అయినను మన పత్రికల లోకములో ఒక మర్యాద దీనినుండి నిలదొక్కుకొన్నది. రచయిత పేరు సంపాదకుని మేజాబల్ల సొరుగులో ఉంటుంది, సంపాదకుని పేరు పత్రికమీద ఉంటుంది.

ఈ మర్యాదకు ఇంగ్లండులోను పూర్వచరిత్ర కలదు. 1769 మొదలు 1772 వరకు లండనులోని ఒక పత్రికలో 'జూనియస్' అనే పేరుతో లేఖలు వచ్చినవి. మంత్రులను, చివరకు రాజును కూడ ఆ లేఖలు ఎత్తిపొడిచినవి. వ్రాసినదెవరో ప్రభుత్వము పట్టుకొనలేక అచ్చు వేసిన వుడ్‌ఫాలును 1770లో విచారణకు నిలబెట్టినది. జూరీవారు 'అచ్చు వేసి ప్రకటించిన మాత్రమునకే దోషి' అని చమత్కారముగా తీర్పు చెప్పుటచేత అతనికి శిక్ష పడలేదు. అతడు రచయిత గుట్టు విప్పనూ లేదు. 1774లో కలకత్తా కౌన్సిలు సభ్యుడుగా మన దేశమునకు వచ్చిన ఫిలిప్ ఫ్రాన్సిస్ అనే దొరయే జూనియస్ అని పలువురు పండితుల ఊహ. ఊహ ఊహగానే మిగిలినది.

తెలుగునాట పత్రికమీద పేరుండుటకు చెల్లించిన మూల్యము చాల పెద్దది. 1908లో తిరునల్వేలిలో పోలీసు కాల్పులు జరిగినప్పుడు బెజవాడనుండి వెలువడే 'స్వరాజ్య' పత్రిక దానిని నిర్భయముగా ఖండించినది. ఆ పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని రాజద్రోహము క్రింద విచారించి జైలుకు పంపినారు. తెలుగువారిలో మొదటి రాజకీయ ఖైదీ అని వారికి పేరు వచ్చినది. రెండేండ్లకు, అనగా 1910లో, కొత్త ప్రెస్సు చట్టము వచ్చి, ముద్రణాలయము పెట్టేవారినుండి 500 రూపాయలు మొదలు 2,000 రూపాయల వరకు ధరావతు అడిగే అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చినది. పత్రికలో వచ్చిన మాట నచ్చకపోతే ఆ ధరావతు స్వాహా! ఇటువంటి కాలములో గ్రామోద్యోగియో, బడిపంతులో తన పేరుతో వ్రాయగలడా? వ్రాసినచో అతని ఉద్యోగము మరునాటికి ఉండునా? కలంపేరును పిరికితనమనేవారు ఈ సంగతి మరువరాదు.

1914లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆంధ్రపత్రికను దినపత్రికగా చెన్నపట్నమున ప్రారంభించిన తరువాత ఈ పట్టణము తెలుగు అచ్చుకు రాజధాని అయినది. పానుగంటి లక్ష్మీనరసింహారావు గారి 'సాక్షి' వ్యాసములు 'సువర్ణలేఖ'లో ఆరంభమై ఈ ఆంధ్రపత్రికలోనే వ్యాప్తి పొందినవి. సాక్షి, జంఘాలశాస్త్రి, కాలాచార్యుడు, వాణీదాసు, బొఱ్ఱయ్యసెట్టి అని అయిదుగురు కల్పిత వ్యక్తులతో ఒక సంఘమును సృష్టించి, వారి నోట పంతులుగారు లోకములోని కుళ్ళునంతటిని కడిగినారు. అక్కడ ముసుగు కేవలము రక్షణకొరకు కాదు. 'ఫలానావారు ఇట్లన్నారు' అని మనిషిని చూచి మాటను తూచే అలవాటు మనకున్నది. ముసుగు వేసినప్పుడు మాటను మాటగా వినక తప్పదు.

స్త్రీల విషయములో కలంపేరు ఇంకను అవసరమైనది. కుటుంబ స్త్రీ పేరు అచ్చులో కనబడుటే పరువు తక్కువగా తలచిన ఇండ్లు ఆ రోజులలో ఎన్నో ఉండెను. బాపట్లలో నివసించిన కనుపర్తి వరలక్ష్మమ్మ గారు 'లీలావతి' అనే పేరుతో 'మా చెట్టునీడ ముచ్చట్లు' ఆంధ్రపత్రికవారి వారపత్రికకు వ్రాసినారు. డాక్టరు కె. ఎన్. కేసరి గారు 1928లో ఈ పట్టణమునుండి ప్రారంభించిన 'గృహలక్ష్మి' మాసపత్రికలో ఆమెయే 'శారద లేఖలు' వ్రాసినారు. శారద అనే స్త్రీ తన స్నేహితురాలికి వ్రాసే జాబుల రూపమున, స్త్రీల చదువును గురించి, హక్కులను గురించి, దేశోద్యమమును గురించి ఎన్నో సంగతులు వచ్చినవి. ఉపన్యాసముగా చెబితే మగవారు కోపించవలసిన మాటలు, జాబుగా వచ్చుటచేత వంటయింటివరకు చేరినవి. వరలక్ష్మమ్మ గారు తమ పేరును శాశ్వతముగా దాచుకొనలేదు. కాలము అనుకూలించిన కొలది పేరు వెలుపలికి వచ్చినది, గౌరవములు వచ్చినవి. ముసుగు ఎప్పుడు వేయవలెనో, ఎప్పుడు తీయవలెనో నిర్ణయించుకొనే స్వాతంత్ర్యము వ్రాసే మనిషిది కావలెను. ఈ సంగతి ముఖ్యము.

వ్రాసేవారి గుట్టుతోపాటు అడిగేవారి గుట్టు అని మరొకటి ఉన్నది. 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారు 'ప్రమదావనం' శీర్షికను ఆరంభించి నాలుగు దశాబ్దములకు పైగా నడిపినారు. చెన్నపట్నమే వారి నివాసము, 2013లో ఇక్కడనే కన్నుమూసినారు. వంటలు, కుట్లు మొదలు సంసారములోని చిక్కుల వరకు పాఠకురాండ్రు అడిగిన ప్రశ్నలకు వారు సమాధానము లిచ్చినారు. తల్లికిగాని, తోబుట్టువుకుగాని చెప్పుకొనలేని మాటను ఒక స్త్రీ ముఖపరిచయము లేని రచయిత్రికి వ్రాసి పంపుటకు ఎంత నమ్మకము కావలెనో ఆలోచింపుడు. 'నా పేరు వేయవద్దు' అనే చిన్న వాక్యమును మన్నించే సంపాదకులు ఉన్నంతవరకే ఇటువంటి శీర్షికలు బ్రతుకుతాయి. ఒక్క ఉత్తరము బయటపడినచో మరునాటినుండి ఒక్క ఉత్తరమైనను రాదు.

ఇక పేరు లేకపోవుటలో మరొక రకమున్నది. అది కోరి దాచుకొన్నది కాదు, కనబడకుండ పోయినది. మన పిల్లలందరిని చదువరులుగా చేసిన 'చందమామ' 1947 జూలైలో ఈ పట్టణముననే పుట్టినది. 1952 నుండి 1980లో మరణించే వరకు కొడవటిగంటి కుటుంబరావు గారు ఆ పత్రికను తీర్చి దిద్దినారు. కాని సంపాదకుడుగా వారి పేరు పత్రికమీద అచ్చు కాలేదు. 'తోకచుక్క' మొదలుకొని ఎన్నో జానపద ధారావాహికలను వ్రాసినది దాసరి సుబ్రహ్మణ్యం గారు. పిల్లలు నెలనెలా ఎదురుచూచి చదివినారే గాని, వ్రాసినదెవరో తెలియకయే పెద్దవారైనారు. ఆయన వృద్ధాప్యములో మాత్రమే, చిన్ననాటి పాఠకులు వెదకి తెలిసికొని ఆ పేరును లోకమునకు చాటినారు. 2010లో ఆయన మరణించినారు. పేరు దాచుకొనే హక్కును గురించి మాట్లాడేవారు, పేరు చెప్పుకొనే హక్కును కూడ అంతే శ్రద్ధగా తలచుకొనవలెను. ఒకటి లేనిచో రెండవది సగమే.

ఇంతవరకు కలంపేరు గుణములు చెప్పినాము. దోషమునుకూడ ఈ పట్టణమే చూచినది. 1940 తరువాత లక్ష్మీకాంతన్ అనే పత్రికాధిపతి 'సినిమా తూదు', అటుపిమ్మట 'హిందూ నేశన్' అనే తమిళ పత్రికలలో సినిమా తారల ఇంటిగుట్టులు వ్రాసి సొమ్ము చేసికొన్నాడు. 1944 నవంబరు 8న వేపేరిలో అతనిని కత్తితో పొడిచినారు. మరునాడు మరణించినాడు. మహానటుడు త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్. ఎస్. కృష్ణన్ ఆ కేసులో శిక్షపడి, ప్రీవీ కౌన్సిలు వరకు పోరాడి, 1947లో నిర్దోషులుగా విడుదలైనారు. దర్శకుడు, నిర్మాత అయిన శ్రీరాములు నాయుడు గారిపై కూడ ఆ కేసు నడిచినది, ఆయన విచారణలోనే నిర్దోషిగా బయటపడినారు. ఒక మనిషి ప్రాణము, పలువురి జీవితములు అందులో నాశనమైనవి.

ఇక్కడ గమనించవలసిన దేమనగా, లక్ష్మీకాంతన్ ఆకాశరామన్న కాదు. పత్రికను నడిపేది ఎవరో అందరికిని తెలుసును. కాబట్టి పేరు చెప్పుకొన్నంత మాత్రమున వ్రాత మర్యాదైనది కాజాలదు. అధికారముగలవాని కచేరీలో జరిగిన సంగతి వేరు, ఒకరి పడకగదిలో జరిగిన సంగతి వేరు. మొదటిదానిని అడుగుటకు ప్రజలకు హక్కున్నది. రెండవదాని గుమ్మము దగ్గరనే కలము ఆగిపోవలెను.

ఈ గుమ్మమును న్యాయస్థానములు గుర్తించుటలో మన తెలుగువారి పాత్ర గర్వింపదగినది. రాజమహేంద్రవరములో పుట్టి, మదరాసులో న్యాయవాదిగా, 1948 నుండి ఇక్కడి హైకోర్టు న్యాయమూర్తిగా ఉండిన కోకా సుబ్బారావు గారు తరువాత సుప్రీంకోర్టుకు వెళ్ళినారు. ఉత్తరప్రదేశములో ఖరక్‌సింగ్ అనే వ్యక్తిమీద నేరము ఋజువు కాకపోయినను పోలీసులు దస్తరము తెరచి, అర్ధరాత్రులు తలుపు తట్టి, ఇంట ఉన్నాడో లేదో చూచి పోయేవారు. 1962 డిసెంబరు 18న ఆ కేసులో తీర్పు వచ్చినది. అర్ధరాత్రి తలుపు తట్టుట చెల్లదని న్యాయమూర్తులందరు ఒప్పుకొన్నారు. కాని ఆంతరంగిక జీవనమునకు రాజ్యాంగములో ప్రత్యేక హక్కు లేదని అధికసంఖ్యాకుల పక్షమున రాజగోపాల అయ్యంగారు వ్రాసినారు. సుబ్బారావు గారు భిన్నాభిప్రాయము వ్రాసి, గుట్టుగా బ్రతికే హక్కు వ్యక్తి స్వాతంత్ర్యములో భాగమే అన్నారు. పోలీసులు వెంటనుండి కనిపెట్టి చూస్తుంటే మనిషి స్వేచ్ఛగా కదలలేడు, మాట్లాడలేడు అని వారి వాదము. ఇరువురును ఒకప్పుడు మదరాసు హైకోర్టు పీఠము నలంకరించినవారే. సుబ్బారావు గారికి తోడుగా నిలిచినది షా గారొక్కరే.

ముప్పదిరెండేండ్లకు మరల మదరాసు కేసే వచ్చినది. మరణశిక్ష పడిన 'ఆటో శంకర్' జైలులో తన ఆత్మకథ వ్రాసినాడు. అందులో కొందరు పోలీసు అధికారులతో తనకుగల సంబంధములు వ్రాసినాడని, దానిని 'నక్కీరన్' పత్రిక ప్రకటింపబోవుచున్నదని తెలిసి జైళ్ళ అధికారులు బెదిరించినారు. 1994 అక్టోబరు 7న తీర్పు వ్రాసినది, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి వెళ్ళిన బి. పి. జీవన్‌రెడ్డి గారు. ఇల్లు, వివాహము, సంతానము మొదలైన విషయములలో ఒంటరిగా వదలివేయుమని కోరే హక్కు ప్రతి పౌరునికి ఉన్నదనిరి. అయితే కోర్టు దస్తావేజులు మొదలైన బహిరంగ పత్రములలో ఉన్న సంగతులను వ్రాయవచ్చుననిరి. ప్రభుత్వోద్యోగులు తమ ఉద్యోగధర్మములో చేసిన పనిని గురించి వ్రాస్తే గుట్టు అని అడ్డుపెట్టరాదనిరి. అచ్చు కాకముందే ఆపే అధికారము ప్రభుత్వమునకు లేదనిరి. కచేరీకి, పడకగదికి నడుమ గీత ఇట్లు చట్టములోనికి వచ్చినది.

2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పి, 55 సంవత్సరముల క్రిందటి సుబ్బారావు గారి భిన్నాభిప్రాయమే సరియైనదని నిలబెట్టినారు. కృష్ణాజిల్లావారు, ఇక్కడి లయోలా కళాశాలలో చదివినవారు అయిన జాస్తి చలమేశ్వర్ గారు ఆ పీఠములో ఒకరు. వారు కూర్చున్న మరొక పీఠము 2015 మార్చి 24న, కంప్యూటరుమీద వ్రాసిన మాట ఎవరికో చికాకు కలిగించినదని అరెస్టు చేసే 66-ఎ సెక్షనును కొట్టివేసినది.

హక్కు నిలిచినది సరే, మరి కాపలా ఎవరిది? ఇక్కడనే పాత పద్ధతికిని కొత్త పద్ధతికిని భేదము కనబడుతున్నది. వెనుక రచయిత పేరు సంపాదకుని సొరుగులో ఉండేది. ఆయన ఊరు, ముఖము, నియమము మనకు తెలుసును. నేడు మారుపేరుతో వ్రాసేవాని ముసుగు చదివేవారి ఎదుట మాత్రమే. ఫోను నంబరు, ఎక్కడనుండి ఏ వేళ వ్రాసినది తెలిపే యంత్రపు గుర్తులు, ఎక్కడో ఉన్న కంపెనీ దస్తరములో చేరుతున్నవి. ఆ కంపెనీకి గుట్టు తెలుసును, జవాబుదారీ మాత్రము తక్కువ. 2021 నిబంధనలు పెద్ద సందేశ సంస్థలు ఒక సందేశమును మొదట పంపినదెవరో ఆజ్ఞపై తెలుపవలె నన్నవి, దానిని కోర్టులలో సవాలు చేసినారు. 2023లో వ్యక్తుల వివరముల రక్షణకు చట్టము వచ్చినది. ప్రభుత్వ సంస్థలను అందులోనుండి మినహాయించే వీలును అదే చట్టము ఉంచినది. అనగా రచయిత గుట్టు తెలిసినవారు పెరిగినారు, గుట్టు కాపాడుదుమని మాట ఇచ్చి దానికి నిలబడేవారు తగ్గినారు.

కాబట్టి మన యిండ్లలోనే కొంత మర్యాద ఏర్పరచుకొనవలెనని మా మనవి. పెద్దలారా, పిల్లలు మారుపేరుతో వ్రాసినంతమాత్రమున దొంగతనమని అనుకొనకుడు. 'శారద' పుట్టినది ఈ పట్టణపు పత్రికలోనే. యువకులారా, పేరు మార్చినంతమాత్రమున ముసుగు పూర్తియైనదని నమ్మకుడు. పనిచేసే చోటు, ఉండే వీధి, పిల్లల బడి, ఇంటి ముంగిట తీసిన ఫోటో, వీటిలో రెండు కలిస్తే చాలు, పేరు తానుగా బయటపడుతుంది. మీ పేరు దాచుకొనే ముందు, మీరు వ్రాసేవారి పేరు కూడ దాచినారో లేదో చూచుకొనుడు. అత్తగారిని గురించి, పొరుగింటి ఆడపిల్లను గురించి, జబ్బుపడిన స్నేహితుని గురించి వ్రాసేటప్పుడు, వారు మిమ్ములను అట్లు వ్రాయుమన్నారా అని అడుగుకొనుడు. మీరు వ్రాసినది అబద్ధమని తేలితే దిద్దుకొనుటకు, దెబ్బతిన్నవారికి సమాధానము చెప్పుటకు మార్గము ఉంచుడు. ఆ మార్గము ఉన్నంతవరకు అది కలంపేరు. అది మూసుకొన్ననాడు ఆకాశరామన్న.

మన భాష ఈ రెండింటిని వేరు చేసి రెండు మాటలు ఇచ్చినది. కోర్టులు నూరేండ్లు తర్కించి తేల్చిన గీతను మన పెద్దలు రెండు పలుకులలో గీచి పెట్టినారు. ఆ రెండు పలుకులను పిల్లలకు అర్థముతో సహా అందజేయుట, పరాయి నేలమీద తెలుగు నిలుపుకొనదలచిన మన సంఘముల కర్తవ్యములలో ఒకటి. కొత్త సంవత్సరము మీ యిండ్లలో నిర్భయమైన మాటను, పదిలమైన గుట్టును రెండింటిని నిలుపుగాక.